దొంగసొత్తులో నకిలీ

మా ఆవిడ లెక్కలో నా బీరువా నిండా ఉన్నది దొంగసొత్తు. కాదని వాదించే ధైర్యం నాకు లేదు. కంపెనీవారు విడుదల చేయని పాటలను ఎవరో చాటుగా సీడీలు చేసి అమ్ముతారు. వాటిని ఏరి పోగుచేయడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు. ఇంగ్లీషువాళ్లు వీటిని బూట్‌లెగ్గులంటారు. వెనకటికి బూటుగొట్టంలో సారాసీసా దాచి అమ్మినవారి పేరు పాటలకు అంటుకుంది.

రాక్ సంగీతంలో ఈ వ్యాపారానికి, పాపం తన ప్రమేయం లేకుండానే, శ్రీకారం చుట్టినవాడు బాబ్ డిలన్. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి వచ్చిన గాయకుడే లెండి. ఆయన బయటపెట్టని పాటలను 1969లో రెండు ఎల్పీలుగా, ఉత్త తెల్ల అట్టలో పెట్టి లాస్ ఏంజలెస్‌లో అమ్మేశారు.

మొన్న దసరాకు మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఒక సీడీ పట్టుకొచ్చారు. టోక్యోలో ఉద్యోగానికి కుదిరిన వాళ్లబ్బాయి మొదటి జీతంతో కొని పంపాడట. అట్టమీద డిలన్ కచేరీ, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు, 1966 అని ఉంది.

"అసలు టేపులోంచి ఫ్యాక్టరీలో అచ్చువేసిందటండీ. మీరొక్కసారి పరీక్షించి చెప్పాలి," అన్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

అట్టమీది ఊరే తప్పు. ఆ కచేరీ జరిగింది మాంచెస్టరులోని ఫ్రీ ట్రేడ్ హాలులో, 1966 మే 17న. డిలన్ కరెంటు గిటారు పట్టాడని మండిపడ్డ శ్రోత ఒకడు "జూడాస్!" అని అరిచిన రాత్రి అది. జూడాస్ అంటే ఏసుక్రీస్తును పట్టిచ్చిన శిష్యుడు. దొంగప్లేట్లవారు ఆల్బర్ట్ హాలని రాస్తే అదే పేరు స్థిరపడిపోయింది. 1998లో కంపెనీవారే దాన్ని విడుదల చేస్తూ, ఆ తప్పుడు పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఉంచుకున్నారు! అయినా ఊరు తప్పయినంతమాత్రాన సరుకు చెడ్డదనలేం.

మాస్టారు వెళ్లాక సీడీని ట్యూబులైటు కింద తిప్పిచూశాను. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీకి లోపల పలచటి అల్యూమినియం పొర ఉంటుంది. అందుకని అడుగువైపు వెండిలా మెరుస్తుంది. ఇంట్లో కంప్యూటర్లో కాల్చే సీడీకి రంగుపూత ఉంటుంది. లేజరు కాల్చేది ఆ పూతనే. మాస్టారి సీడీ లేత ఆకుపచ్చ. నడిమి కన్నం చుట్టూ ఫ్యాక్టరీవారు వేసే నంబరూ లేదు.

పెట్టి విన్నాను. పాట అయ్యాక చప్పట్లు మోగుతూ మోగుతూ ఠక్కున ఆగాయి. రెండు సెకన్లు నిశ్శబ్దం. మళ్లీ చప్పట్లు. సభ సభంతా ఒక్కసారిగా చేతులు కట్టుకుని విప్పుకుంటుందా? ఒక్కొక్క పాటనూ విడివిడిగా కాల్చినప్పుడు మధ్యలో యంత్రం వదిలే ఖాళీ సుమండీ అది.

మూడో పాట చివర "టిక్" మంది. కాసేపటికి మళ్లీ టిక్. గడియారం దగ్గర పెట్టుకుని చూస్తే, టిక్కుకూ టిక్కుకూ మధ్య 1.8 సెకన్లు. ఎల్పీ నిమిషానికి 33 చుట్లూ, ఇంకో చుట్టులో మూడోవంతూ తిరుగుతుంది. ఒక చుట్టుకు పట్టే కాలం సరిగ్గా 1.8 సెకన్లు. టేపుమీద అలాంటి గీత పడదు. ఎవరో గీతపడిన దొంగప్లేటును ఇంట్లో సీడీకి ఎక్కించి, కుర్రవాడికి అంటగట్టారన్నమాట.

"దొంగసొత్తులో మళ్లీ అసలూ నకిలీనా?" అంది మా ఆవిడ. "వెండిదేనని చెప్పేయండి. మీ సొమ్మేం పోయింది?"

రెండు రోజులు మాస్టారి కంటపడకుండా తిరిగాను. మూడోరోజు ఆయనే వచ్చారు. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, నలభై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన మనిషి ముందు పెగల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన ఏమీ అనలేదు. సీడీ మళ్లీ పెట్టమని, చేతి గడియారం విప్పి ముందుంచుకుని, టిక్కులు తానే లెక్కపెట్టారు.

"ఎవరింట్లోనో ఈ ప్లేటు బాగా అరిగిందండీ," అన్నారు చివరికి.

కాఫీ తాగి, సీడీని జాగ్రత్తగా అట్టలో పెట్టుకుని గుమ్మందాకా వెళ్లి ఆగారు.

"ఆదివారం మావాడు ఫోను చేస్తాడు. మీతో మాట్లాడిస్తాను. వెండిదేనని చెప్పండి."

ఆదివారం మాస్టారింట్లో ఫోను నా చేతికిచ్చారు. కుర్రవాడు ఆత్రంగా అడిగాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

చెప్పాను.