మోడులో దాగిన అడవి

కంప్యూటరు తెరపై ఆడే 'ఫార్మింగ్ సిమ్యులేటర్' ఆటలో 2014 నుండి చెట్లు నరికి కలప అమ్మే పని కూడా చేరింది. యంత్రాలు నిజమైనవాటివలెనే ఉన్నవని ఆటగాళ్ళు మెచ్చుకుంటారు. దుంగలను బండికెక్కించుట మాత్రం మహాకష్టమని విసుగుకుంటారు. నరికిన పిమ్మట మిగిలే మోడు వారికి అడ్డంకి మాత్రమే. దానిని పిండిచేయుటకు వేరొక యంత్రమున్నది.

ఖరగ్‌పూర్‌లోని మా మలంచాకు ఉత్తరాన, మేదినీపూర్ దాటిన తరువాత, ఆరాబారి సాలవనం ఉన్నది. 1970 నాటికి అది విచ్చలవిడి నరుకుడువల్ల క్షీణించిపోయింది. 1972లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 గ్రామాల 618 కుటుంబాలను కాపలాకు కూర్చుకొన్నారు. 1,272 హెక్టార్లను కాపాడినందుకు పనితోబాటు, రాబడిలో 25 శాతం వారిదన్నారు. సాలవృక్షం నరికిన మోడునుండే తిరిగి చిగురిస్తుంది. దానికి కావలసినది గొడ్డలినుండి కొన్నేళ్ళ విరామమే. ఆ విరామం దొరికింది, అడవి లేచింది. 1990లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి భాగస్వామ్యాన్ని అన్ని రాష్ట్రాలకూ సూచించింది.

ఆటలో నరికేవాడున్నాడు, నాటేవాడున్నాడు, కాచేవాడు లేడు. ఆరాబారిని బ్రతికించినది ఆ మూడవవాడే. అతనికి పంటలో పాలు ఉండుటయే అందుకు కారణం.