దూతకు దారి తెలియాలంటే



మా సాలూరు లారీల ఊరు. మొన్న సాయంత్రం మా వీధిలో లారీ నడిపే ఆయన కొడుకు, ఆరో తరగతి వాడు, ముఖం చిన్నబుచ్చుకొని వచ్చాడు. "మాస్టారూ! ఫోను చెప్పిన దారినే వెళితే మా నాన్న లారీ ఒక సందులో ఇరుక్కుపోయిందట. అర్ధరాత్రి దాకా బయటపడలేదట. ఫోను అబద్ధాలు చెబుతుందా?" అన్నాడు.

"అబద్ధం కాదురా, తనకు తెలిసినంతే చెప్పింది" అన్నాను. ఆ సంగతే మీకూ చెబుతాను.

తపాలా బంట్రోతు ఉత్తరం చేతికిచ్చి వెళ్ళిపోతాడు. హనుమంతుడు అలా కాదు. సీతమ్మ జాడ తెలుసుకొని రమ్మంటే, లంకలో ఎక్కడ వెతకాలో, ఎలా వెతకాలో తానే ఆలోచించుకున్నాడు. పని అప్పగిస్తే, పరిస్థితి చూసుకొని తర్వాతి అడుగు తానే నిర్ణయించుకునే కంప్యూటరు ప్రోగ్రామును సాఫ్ట్‌వేర్ ఏజెంటు అంటారు. మీరు ఒక మలుపు తప్పితే ఫోను వెంటనే మరో దారి చూపుతుంది కదా, అది అటువంటి పనే.

దారి వెతికే ఉపాయం ఒకటి 1956లో హాలండు దేశస్థుడైన డైక్‌స్ట్రాకు తోచింది. 1959లో ఆయన దానిని ప్రకటించాడు. మీ ఇంటి నుంచి బడికి పెద్ద రోడ్డున 10 నిమిషాలు, చెరువు గట్టుకు 4 నిమిషాలు అనుకోండి. ముందు దగ్గరిదైన గట్టును తీసుకోవాలి. అక్కడి నుంచి బడికి 3 నిమిషాలే అయితే, మొత్తం 7. పలక మీద 10 కొట్టేసి 7 వేయాలి. ఇలా మిగిలినవాటిలో అన్నిటికన్నా దగ్గరిదానిని తీసుకుంటూ పోతే చివరకు దగ్గరి దారి తేలుతుంది.

మరి లారీ ఎందుకు ఇరుక్కున్నది? కంప్యూటరుకు పటమంటే బొమ్మ కాదు, అంకెల పట్టీ. సాలూరు అంటే దానికి సుమారు 18.5 ఉత్తర అక్షాంశం, 83.2 తూర్పు రేఖాంశం. ఆ పట్టీలో సందు పొడవు రాసి, వెడల్పు రాయకపోతే సైకిలుకూ లారీకీ ఒకటే దారి! పైగా, వచ్చేది లారీ అని మనమూ చెప్పాలి. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని సామెత ఉన్నది కదా, దూతకు పనితోపాటు హద్దులూ చెప్పాలి.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహాలు తీసిన చిత్రాలను అందుకుంటుంది. 2009లో వచ్చిన 'భువన్'లో వాటిని ఎవరైనా చూడవచ్చు. అయితే ఆకాశం నుంచి ఇంటి కప్పు కనబడుతుంది గాని గూడెం పేరు కనబడదు. చెట్ల కింది కాలిబాటా కనబడదు. మా పైకొండల గూడేల నుంచి రోగులను డోలీలో మోసుకువచ్చిన వార్తలు ఇటీవలి సంవత్సరాలలోనూ చదివాము. ఆ బాట ఎక్కడ రోడ్డును కలుస్తుందో పటంలో లేకపోతే అంబులెన్సు ఎక్కడ ఆగాలి? లారీకి పోయింది ఒక రాత్రి. అక్కడ పోయేది ప్రాణం.

కాబట్టి ఎవరో ఒకరు ఆ బాటన నడిచి, ఊరివారిని అడిగి రాయాలి. ఈ సెలవులలో మీరు ఇంటి నుంచి బడికి దారి గీయండి. ఎక్కడ ఎన్ని అడుగుల వెడల్పో, వానాకాలంలో ఎక్కడ నీరు నిలుస్తుందో రాయండి. వీధుల పాత పేర్లు మీ మామ్మనడగండి. ఆమెకు తెలిసినవి ఏ ఉపగ్రహానికీ తెలియవు.