భోజనాల కమిటీ ఉంది, వినే మనిషేరీ?

మన దగ్గర జాతీయ సదస్సు అంటే ముందుగా పుట్టేవి కమిటీలు. స్వాగత కమిటీ, వసతి కమిటీ, రవాణా కమిటీ, భోజనాల కమిటీ. శాలువాలు, మెమెంటోలు చూసుకోవడానికి విడిగా ఓ ఇద్దరుంటారు. బ్రోషర్ వెనక పేజీ నిండా పేర్లే. పొరుగూరి నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థినికి రాత్రి తొమ్మిదింటికి ఏదైనా ఇబ్బంది ఎదురైతే ఎవరితో చెప్పుకోవాలో మాత్రం ఆ పేజీలో ఉండదు. కన్వీనర్‌కి చెప్పొచ్చు కదా అంటారు. ఇబ్బంది పెట్టిన మనిషి కన్వీనర్ గారి గురువో, మర్నాడు పొద్దున కీలకోపన్యాసం చేయాల్సిన పెద్దాయనో అయితే?

అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్‌కు ఈ ప్రశ్న ఆలస్యంగానే తట్టింది. 2018-19 శీతకాలంలో ఆ సంఘం తన సభ్యులనూ పాత సభ్యులనూ వృత్తిలో వాతావరణం ఎలా ఉందని అడిగింది. 9,000 మందికి పైగా జవాబిచ్చారు. తోటి ఆర్థికవేత్తలే తమపై లైంగిక దాడి చేశారని చెప్పిన మహిళలు దాదాపు 100 మంది. ఏటా జనవరిలో జరిగే ఆ సంఘం సమావేశాల్లోనే కొత్త పీహెచ్‌డీలకు యూనివర్సిటీలు ఉద్యోగ ఇంటర్వ్యూలు చేసేవి. వాటిలో చాలా భాగం హోటల్ పడకగదుల్లో జరిగేవి. మంచం అంచున కూర్చుని ద్రవ్యోల్బణం మీద ప్రశ్నలకు జవాబు చెప్పడం దశాబ్దాల పాటు ఎవరికీ వింతగా అనిపించలేదు! 2020 సమావేశాల నుంచి ఆ పద్ధతి మానేశారు. సంఘంతో సంబంధం లేని ఒక న్యాయవాదిని అంబుడ్స్‌పర్సన్‌గా పెట్టుకున్నారు.

అంబుడ్స్ అనగానే మనకు గుర్తొచ్చేది 1995లో రిజర్వు బ్యాంకు తెచ్చిన బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్. ఆయన ఫిర్యాదు తీసుకుని విచారిస్తాడు, నిర్ణయం ప్రకటిస్తాడు. వృత్తి సంఘాల సదస్సుల్లో కూర్చునే అంబుడ్స్ పని వేరు. అధికారాలు సంఘాన్ని బట్టి కొంత మారినా, అంతర్జాతీయ అంబుడ్స్ సంఘం ప్రమాణాలు చెప్పేది నాలుగు సంగతులు: స్వతంత్రంగా ఉండాలి, ఎవరి పక్షమూ వహించకూడదు, అధికారిక విచారణలోకి దిగకూడదు, గుట్టు కాపాడాలి. మీ అనుమతి లేనిదే మీరు వచ్చి కలిసిన సంగతి కూడా బయటికి పోకూడదు. ఎవరికైనా తీవ్రమైన హాని ముంచుకొస్తోందని తోస్తే తప్ప ఈ నియమానికి మినహాయింపు లేదు.

విచారణా లేదు, తీర్పూ లేదు, మరెందుకీ పదవి అని అడిగేవాళ్లుంటారు. ఒక అమ్మాయి పోస్టర్ పక్కన నిలబడి ఉందనుకోండి. పేరున్న ప్రొఫెసర్ ఒకాయన వచ్చి పని బాగుందని మెచ్చుకుని, సాయంత్రం రూముకి వస్తే డేటా వివరంగా చూద్దామంటాడు. ఆమె వెళ్లదు. మర్నాడు ఆమె పేపరు చదివే సెషన్‌కు ఆయనే చైర్. పదిహేను నిమిషాలు ఇవ్వాల్సింది ఎనిమిదో నిమిషానికే బెల్లు కొడతాడు. దీన్ని ఏమని రాసివ్వాలి? ఏ కమిటీ ముందు నిలుస్తుంది? నిజంగానే టైము తక్కువైందా, నిన్నటి కోపమా అన్నది ఆమెకే తేలదు. గైడుకి చెబుదామంటే ఆయన ఆమె సిద్ధాంత వ్యాసానికి పరీక్షకుడిగా ఈ ప్రొఫెసర్ పేరే పంపాడేమో. ఇంట్లో చెబితే ఇంకెప్పుడూ సదస్సులకు పంపరు. ఆ రాత్రి ఆమెకు కావాల్సింది ఎవరికో శిక్ష పడటం కాకపోవచ్చు. ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది, మధ్యలో ఇంకేం దారులున్నాయి అని ఓపిగ్గా విడమర్చి చెప్పి, ఎంపిక ఆమెకే వదిలేసే మనిషి కావాలి. ఆ మనిషే అంబుడ్స్.

అన్నీ వేధింపులే కానక్కర్లేదు. పని చేసిన కుర్రాడి పేరు పేపర్లో నాలుగో చోటికి పోయి గైడు బంధువు పేరు మొదటికి రావచ్చు. టీ తాగుతూ ఇంటిపేరు, ఊరు, ఊళ్లో ఏ పేట అంటూ కులం దాకా లాగే కూపీలు మనకు కొత్తవి కావు. తెలిశాక సీటు ఎలా వచ్చిందో నవ్వుతూ అనే మాటలూ కొత్తవి కావు. చాలాసార్లు ఇవి ఏ ఫారంలోనూ ఇమడవు.

చట్టం లేదా అంటే, ఉంది. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, ఉద్యోగి పని మీద వెళ్లిన చోటు కూడా పని ప్రదేశమేనంటుంది. యూజీసీ 2015 నిబంధనలు విద్యార్థినులనూ కలుపుకున్నాయి. కాకపోతే ఆమెది వరంగల్, ఆయనది ఢిల్లీ, హోటలు విశాఖలో, సదస్సు పెట్టిన సంఘానికి ఉన్న సిబ్బంది ఒక పార్ట్‌టైం గుమాస్తా. ఎక్కడికి పోవాలో తేల్చుకునేసరికి వారాలు గడుస్తాయి. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు. కారణం చూపితే మరో మూడు నెలలు పొడిగించవచ్చు, అంతే. అందుకే నిజాయితీ గల అంబుడ్స్ మొదటి నిమిషంలోనే ఈ మాట చెప్పాలి: "నాతో మాట్లాడటం ఫిర్యాదు చేసినట్టు కాదమ్మా, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది." ఈ మాట దాచి అనునయంగా వింటూ కూర్చునే అంబుడ్స్ కంటే అసలు లేకపోవడం నయం.

ఈ ఏర్పాటు మీద నాకు ఇంకో అనుమానమూ ఉంది. గోప్యత బాధితులను కాపాడినట్టే సంఘం పరువునూ కాపాడుతుంది. ఒకే పెద్దమనిషి గురించి ఏటా ఒక ఊళ్లో ఒకరు గుట్టుగా చెప్పుకుని వెళ్లిపోతుంటే, ఆయన ఏటా వేదిక మీదే ఉంటాడు. ఎంతమంది వచ్చారు, ఎలాంటి ఇబ్బందులు చెప్పారు, సంఘం ఏం మార్చుకోవాలి అన్నది పేర్లు లేకుండా అంబుడ్స్ ఏటా రాసివ్వాలి. దాన్ని సంఘం సభ్యులందరికీ చూపించాలి. అది జరగని చోట ఆ పదవి అలంకారమే.

మన దగ్గర కదలిక లేదనను. ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2015లోనే స్త్రీపురుష సమానత కోసం ఒక బృందాన్ని వేసుకుంది. 2019 సెప్టెంబరులో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కలిసిన భౌతిక శాస్త్రవేత్తలు ఇదే విషయం మీద 'హైదరాబాద్ చార్టర్' తెచ్చారు. డాక్టర్లు, ఇంజనీర్లు, ఆడిటర్ల సంఘాలు దాన్ని ఒకసారి తెరిచి చూస్తే పోయేదేం లేదు.

ఖర్చు భయమూ అక్కర్లేదు. వేరే ఊరి కౌన్సెలర్‌ను ఒకరిని, న్యాయవాదిని ఒకరిని పిలవడానికి మెమెంటోల బిల్లంత కూడా కాదు. సంఘం మాజీ అధ్యక్షుణ్ణి, కన్వీనర్ గారి సహాధ్యాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. రిజిస్ట్రేషన్ కౌంటర్ ఎదురుగా గది ఇవ్వకండి. లోపలికి వెళ్లేవాళ్లు అందరి కంటా పడతారు.

డిసెంబరు, జనవరి సదస్సులకు బ్రోషర్లు తయారుచేస్తున్న కన్వీనర్లు కమిటీల పేర్ల కింద అంబుడ్స్ ఫోన్ నంబరు కూడా అచ్చు వేయించండి. గైడ్లూ, మీ విద్యార్థులకు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించే ముందు ఆ నంబరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదని ఫోన్ చేసి అడగండి.