పలక యొక్కటి, పాఠ మిద్దరికి

గత మాసమున మన సంఘ కార్యాలయమునకు ఒక సభ్యుడు తన బాకీ సంగతి తెలిసికొనుటకై, నాలుగవ తరగతి చదువుచున్న కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. గుమాస్తా పాసుపుస్తకము చేతికీయగా ఆ బాలిక అందలి అక్షరములను, అంకెలను తడబడక చదివినది. కాని వాయిదా యన నేమో, అసలు యన నేమో ఆమె యెరుగదు. తండ్రి బాగుగా నెరుగును. ఆయనకు అక్షరము రాదు. తుదకు వేలిముద్ర వేసి, రసీదు మడిచి జేబులో నుంచుకొని పోయెను. ఒకరికి అక్షరము, ఒకరికి అర్థము. ఇరువురును ఒక యింటివారే. ఈ రెంటిని ఒకచోట కూర్చుండబెట్టు తావు మన గ్రామములలో ఏది యని విచారించితిమి. ప్రాథమిక పాఠశాల తప్ప వేరొకటి మాకు తోచలేదు.

బడితో తల్లిదండ్రులకు ఇప్పుడు సంబంధమే లేదని మే మనము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘములలో నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. 2024 డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ పాఠశాల లన్నిటను ఒకే దినమున తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. మంచి పనులే. అయితే సమావేశమునకు వచ్చిన తండ్రి కుర్చీమీద కూర్చుండి, పెద్దల యుపన్యాసము విని, యింటికి పోవును. మేము కోరునది కుర్చీ కాదు, చాప. వారమునకు ఒక సాయంకాలము, ఒక గంటసేపు, బిడ్డ ప్రక్కనే కూర్చుండి బిడ్డ పలకమీదనే నేర్చుకొనుట.

ఏమి నేర్వవలె నందురా? మన సంఘపు లెక్కయే చాలును. ఒక సభ్యుడు పంట ఋణముగా 60,000 రూపాయలు తీసికొనె ననుకొందము. అందు నూర్లు 600. నూటికి ఏడు చొప్పున ఏడాది వడ్డీ 4,200. మూడు లక్షలకు లోబడిన పంట ఋణమును గడువులోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వము ఇచ్చు రాయితీ నూటికి మూడు. అది పోను నాలుగు చొప్పున 2,400. భేదము 1,800 రూపాయలు. ఎక్కములు వచ్చిన పిల్లవాడు ఈ గుణకారము చేయగలడు. గడువు ఏనాడో, తప్పిన నేమగునో తండ్రి చెప్పగలడు. గడువు తేదీ చదువలేకపోయినందున ఎన్ని యిండ్లలో ఈ 1,800 పోయినవో, ఆ లెక్క మన చిట్టాలలో నెక్కడను లేదు.

యూరియా బస్తానే చూడుడు. 2018 నుండి అది 45 కిలోలు. అంతకు ముందు 50. నత్రజని నూటికి 46 పాళ్ళు, అనగా బస్తాకు 20 కిలోల 700 గ్రాములు. నేటికిని బస్తాల లెక్కననే చల్లువారు, రెండు బస్తాల యందు 10 కిలోలు తగ్గిన సంగతి గమనించితిరా? తగ్గుట కొన్ని నేలలకు మేలే కావచ్చును. ఆ మాట వేరు. సంచిమీద అచ్చయినదానిని చదివి తెలిసికొనుట వేరు.

తన సంగతి పుస్తకములో కనబడినప్పుడు పెద్దలకు చదువు ఎట్లు పట్టునో నెల్లూరు జిల్లా చూపినది. 1990 దశకారంభమున అక్కడి రాత్రిబడులలో చదువుకొన్న స్త్రీలు దూబగుంట సారాయి పోరాటపు పాఠము చదివి, 1992లో గ్రామగ్రామమున దుకాణములు మూయించిరి. 1993లో రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. ఇక తల్లుల చదువువలన పిల్లల చదువు అమాంతముగా పెరుగునని మేము చెప్పబోము. బీహారు, రాజస్థాన గ్రామములలో తల్లులకు చదువు నేర్పుచు, ఇంట పిల్లలచే చదివించు విధము చూపి జరిపిన పరీక్షల ఫలితములు 2017లో ప్రకటింపబడినవి. పిల్లల లెక్కలు మెరుగైనవి గాని కొద్దిగా మాత్రమే. తల్లులు నేర్చినది అంతకంటె నెక్కువ. 2011 జనాభా లెక్కలనాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 59 మందికే అక్షరము తెలియును. మాకు ఆ కొద్దియును కావలెను.

బిడ్డ యెదుట తప్పు వ్రాసిన పరువు పోదా యని కొందరు పెద్దలు మాతో ననిరి. పొలములో ఆ బిడ్డ నాగలి వంకరగా పట్టినప్పుడు మీరు నవ్వి దిద్దితిరి గదా. ఇక్కడ వాడు దిద్దును. ఉపాధ్యాయుని సంగతి మాత్రము తేలికగా త్రోసివేయ దగినది కాదు. అయిదు తరగతులను ఒక్కరే నడుపుచున్న బళ్ళు గలవు. అట్టివారిపై ఊరక మరియొక భారము మోపుట న్యాయము కాదు. ఆ గంటకు ప్రతిఫలము సంఘము తన లాభములలోనుండి ఇయ్యవలెను. లెక్కల పాఠమునకు మన గుమాస్తా పోవలెను. నాట్ల కాలమున ఎవరును రారు, రమ్మనుటయు తగదు. సంక్రాంతి వెళ్ళిన పిదప మొదలుపెట్టి వేసవి సెలవుల వరకు నడపిన చాలును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమై తీర్మానము ప్రవేశపెట్టదలచితిమి. బిడ్డతోకూడ కూర్చుండ గోరు తల్లులును తండ్రులును ముందుగా కార్యదర్శికి పేర్లు తెలుపవలెను. వ్రాయలేనివారు వేలిముద్ర వేసినను చేర్చుకొందుము.