గింత పిల్లకు మూడు సూదులా?

తుంగతుర్తి చుట్టుపక్కల ఊళ్లలో సూది మందు ఎవరికీ కొత్తకాదు. బర్రెలకు గాలికుంటు టీకా, గొర్రెలకు పీపీఆర్, చిటుక రోగం టీకాలు... ఏ కాలంలో ఏది వేయించాలో చదువురాని కాపరి కూడా గడగడా చెప్పేస్తాడు. కానీ అదే ఇంటికి, పిల్లలు ముచ్చటపడ్డారని హైదరాబాద్ నుంచో సూర్యాపేట నుంచో అరచేతిలో పట్టేంత పొమరేనియన్ పిల్ల వచ్చిందనుకోండి. అక్కడే లెక్క తప్పుతుంది. పశువుల డాక్టరు ముందు నిలబడి అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు.

'అమ్మినాయన ఒక సూది ఏయించిండట. ఇంక సాలదా సారూ?'

'గింత పిల్లకు మళ్లమళ్ల అదే సూది ఎందుకు?'

'సగం మందు ఏస్తే సరిపోదా?'

అడగడంలో తప్పేమీ లేదు. సరైన జవాబు తెలియకపోవడమే ప్రమాదం. ఒక్క సూదితో ధీమాగా ఉండిపోయిన ఇళ్లలో, మూడు నెలలైనా నిండకుండానే రక్తవిరేచనాలతో పిల్ల ప్రాణం పోతుంది. 'సూది ఏయించినా దక్కలే' అని ఇంటిల్లిపాదీ బాధపడతారు. నిజానికి తప్పు సూదిది కాదు, లెక్కది.

జున్నుపాల మహిమ

ఈనిన బర్రె జున్నుపాలు దూడకు పట్టాలని ఈ ప్రాంతంలో ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కుక్కపిల్లకూ అంతే. పుట్టిన మొదటి రోజు తాగే ఆ పాలతోనే తల్లి తన ఒంట్లోని యాంటీబాడీలను పిల్లకు అందిస్తుంది. కొన్ని వారాలపాటు పిల్లకు అవే రక్ష. అయితే అవి దాదాపు పదిరోజులకోసారి సగానికి తగ్గిపోతూ ఉంటాయి.

చిక్కంతా ఇక్కడే. పార్వో, డిస్టెంపర్ టీకాల్లో ఉండేది బలహీనపరచిన వైరస్. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉన్నప్పుడు టీకా వేస్తే, వచ్చింది దొంగో చుట్టమో చూడకుండా తరిమేసే కాపలాదారులా అవి టీకానూ తరిమేస్తాయి. పిల్ల ఒంట్లో సొంత రక్షణ తయారు కాదు. ఇంకొన్నాళ్లకు ఆ యాంటీబాడీలు అసలు రోగాన్ని ఆపలేనంతగా తగ్గిపోతాయి. కానీ టీకాను అడ్డుకోవడానికి మాత్రం సరిపడా మిగులుతాయి. ఆ రోజులే గండం.

అది ఏ పిల్లకు ఎప్పుడొస్తుందో పైకి చూసి చెప్పలేం. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలకే తేడా ఉంటుంది. కొన్నింటికి ఆరు వారాలకే టీకా పట్టేస్తుంది. కొన్నింటికి పదహారు వారాల దాకా పట్టదు. అందుకే మూడు నాలుగు వారాలకోసారి అదే సూది. మూడు సూదులంటే మూడింతల బలమని కాదు, ఏదో ఒకటి పట్టాలని వేసే మూడు ప్రయత్నాలు. వాటిలో అతి ముఖ్యమైనది మొదటిది కాదు... పదహారు వారాలు నిండాక వేసే ఆఖరిది. చాలామంది ఎగ్గొట్టేదీ దాన్నే!

పుట్టినరోజు నుంచి లెక్క

పిల్ల ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు, పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఉదాహరణకు జనవరి 1న పుట్టిందనుకుందాం.

ఎనిమిది వారాలకు, అంటే ఫిబ్రవరి చివరి వారంలో మొదటి కంబైన్డ్ టీకా. పన్నెండు వారాలకు, మార్చి చివరి వారంలో రెండోది. పదహారు వారాలు నిండాక, ఏప్రిల్ చివరి వారంలో మూడోది. పిల్లను ముందే తెచ్చుకుంటే డాక్టర్లు ఆరు వారాలకే మొదలుపెడతారు. అప్పుడు మొత్తం నాలుగు సూదులవుతాయి. ఎప్పుడు మొదలుపెట్టినా ఆఖరిది మాత్రం పదహారు వారాల తర్వాతే పడాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పై లెక్కలో అయితే ఏప్రిల్ రెండో వారంలో విడిగా వేయించవచ్చు.

ఇంతకుముందు ఆ తర్వాతి బూస్టర్ ఏడాదికి వేసేవారు. ప్రపంచ చిన్నజంతు వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని ఆరు నెలల వయసుకే, అంటే ఇరవై ఆరు వారాలకే జరపమంది. పదహారు వారాల సూది కూడా పట్టని పిల్లలు కొన్ని ఉంటాయి కాబట్టి, అవి ఏడాది దాకా రక్షణ లేకుండా ఉండిపోకూడదని ఈ మార్పు. మన లెక్కలో అది జూలై మొదటి వారం. రేబిస్ మాత్రం మొదటి సూది పడిన ఏడాదికి మళ్లీ, ఆపైన టీకా సీసా మీద ఉన్న గడువును బట్టి డాక్టరు చెప్పినట్టు వేయించాలి.

కార్డు మీద 'డీహెచ్‌పీపీఐ-ఎల్' అని కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. డీ అంటే డిస్టెంపర్. గొర్రెల పీపీఆర్, పిల్లలకొచ్చే తట్టు వైరస్‌లకు ఇది దగ్గరి చుట్టమే. హెచ్ కాలేయానికొచ్చే హెపటైటిస్. పీ అంటే పార్వో. 1978లో బయటపడి రెండేళ్లలోనే ప్రపంచాన్ని చుట్టేసిన వైరస్ ఇది. పీఐ పారాఇన్‌ఫ్లుయెంజా. చివరి ఎల్ లెప్టోస్పైరోసిస్, మనం ఎలుక జ్వరం అనేదే. వరి పొలాలు, ధాన్యం బస్తాలు, వాటి వెంట ఎలుకలు ఉండే ఊళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇది మనుషులకూ సోకుతుంది. దీని రక్షణ ఎక్కువ కాలం ఉండదు కాబట్టి ఏటా వేయించాలి.

చిన్న కుక్కకు చిన్న డోసా?

కాదు. రెండు కిలోల పొమరేనియన్‌కైనా, నలభై కిలోల జర్మన్ షెపర్డ్‌కైనా సీసాలో ఉన్న మందంతా వేయాల్సిందే. జ్వరం గోళీలా ఇది బరువును బట్టి పనిచేసే మందు కాదు. ఒంటిని మేల్కొలపడానికి కావాల్సిన కనీస మోతాదు అది. సగం వేస్తే సగం రక్షణ కాదు, అసలు రక్షణే లేకపోవచ్చు.

అయితే ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. అమెరికాలో పన్నెండు లక్షలకు పైగా కుక్కల రికార్డులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, టీకా వేసిన మూడు రోజుల్లో ఇబ్బంది పడినవి పదివేలకు ముప్ఫై ఎనిమిది. వాటిలో చిన్నజాతులే ఎక్కువ. ఒకేరోజు వేసే టీకాల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరిగింది. కాబట్టి చిన్నజాతి పిల్లకు డోసు తగ్గించమని కాదు, కంబైన్డ్ టీకాకూ రేబిస్‌కూ మధ్య రెండు వారాలు ఎడం ఇవ్వమని డాక్టరును అడగాలి. పొద్దున్నే వెళ్లి, సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలి. మూతి, కళ్లు వాచినా, వరసగా వాంతులైనా, తూలినా వెంటనే చూపించాలి. ఒకరోజు మందకొడిగా ఉండటం మామూలే. అన్నట్టు, ఈ బుజ్జి పిల్లల్ని పస్తుతో తీసుకెళ్లకూడదు. చక్కెర పడిపోయి సొమ్మసిల్లుతాయి.

కార్డు లేకపోతే సూది లేనట్టే

అమ్మినవాళ్లు 'ఏయించినం' అంటే చాలదు. కార్డు మీద టీకా సీసా స్టిక్కర్, తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. లేకపోతే ఆ సూది పడనట్టే లెక్క. మళ్లీ వేయిస్తే నష్టం లేదు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మనే కూడదు. అయినా నెల పిల్లలు చేతులు మారుతూనే ఉన్నాయి.

సూర్యాపేటలోనో, హైదరాబాద్‌లోనో మందు కొని బండి మీద తెచ్చుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. వేసవి మధ్యాహ్నం జేబులో పెట్టుకుని వచ్చిన సీసాలో మిగిలేది నీళ్లే! ఐస్ ప్యాకులున్న డబ్బాలో తేవాలి, కలిపిన మందు వెంటనే వేయించాలి. ఇక పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి ఆఖరి సూది పడి రెండు వారాలు దాటేదాకా పిల్లను వీధిలోకి దింపకుండా, లోకం చూపించాలంటే చంకనెత్తుకునే తిప్పాలి. పోయిన పిల్ల తిరిగిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తేకూడదు.

ఇంటిల్లిపాదికీ రక్ష

మిగతా టీకాలు కుక్క కోసం, రేబిస్ టీకా ఇంట్లోని పిల్లల కోసం కూడా. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. టీకా పడని బుజ్జి కుక్క పన్ను గీరుకున్నా సరే, పసర్లు, కారం పూయకుండా పదిహేను నిమిషాలు ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో కడిగి వెంటనే ప్రభుత్వ దవాఖానకు వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది. ఇప్పుడు భుజానికి వేసే నాలుగైదు విడతలతో సరి.

1885 జూలై 6న తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు లూయీ పాశ్చర్ తొలిసారి రేబిస్ టీకా ఇప్పించాడు. ఆ గుర్తుగానే ఏటా జూలై 6ను జూనోసిస్ దినంగా పాటిస్తున్నారు. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేయడం ఆనవాయితీ.

పిల్ల ఇంటికొచ్చిన రోజే ఓ పని చేయండి. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌లో ఈ తేదీలకు సున్నాలు చుట్టండి. పదహారు వారాల తేదీకి మాత్రం రెండు సున్నాలు!