విశ్వాసాన్ని తూచే తక్కెడ మీకెవరిచ్చారు?

ఫిట్స్ వచ్చే పిల్లాడి చేత మాత్రలు మాన్పించి, మళ్లీ ఫిట్స్ వచ్చినప్పుడు "నీకు విశ్వాసం చాల్లేదమ్మా" అని తల్లి మీదికి నెట్టేసే బోధకుణ్ణి నేను దైవసేవకుడు అనను. స్వస్థత కూటాల్లో ఎంత జనం కూడినా, ఎన్ని సాక్ష్యాలు చెప్పించినా సరే, అనను.

వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో బీడీలు చుట్టి బతికే తల్లి నాకు ఈ సంగతి చెప్పింది. ఒళ్లో చేట, చేటలో ఆకు, పొగాకు. చుడుతూనే మాట్లాడింది. ఉపవాసాలుంది, ప్రార్థన నూనె తెచ్చి పిల్లాడి నెత్తికి రాసింది, కూలి డబ్బుల్లోంచి కానుక వేసింది. నూనె సీసా గూట్లోనే ఉంది, మాత్రల అట్ట మాత్రం లేదు. పిల్లాడి జబ్బు కన్నా ఆమెను ఎక్కువగా తినేస్తున్న దిగులు వేరే ఉంది: తను ఏ పాపం దాచుకుందని దేవుడు వినడం లేదు? పొద్దస్తమానం ఒళ్లొంచి కష్టపడే మనిషి గుండెలో ఈ ప్రశ్న నాటినవాళ్లు దేవునికి ఏమని లెక్క చెబుతారు?

బోధకులారా, మీరు వాక్యం ఎత్తిచూపుతారు కాబట్టి నేనూ వాక్యంతోనే అడుగుతాను. నజరేతులో జనం నమ్మలేదు గనక యేసు అక్కడ ఎక్కువ అద్భుతాలు చేయలేదని మార్కు ఆరో అధ్యాయం చదువుతారు. ఇంకో మూడు అధ్యాయాలు తిప్పండి. అక్కడ ఒక పిల్లాడున్నాడు. కింద పడతాడు, నురగ కక్కుతాడు, పళ్లు కొరుకుతాడు, కొయ్యబారిపోతాడు. నిప్పుల్లోనూ నీళ్లలోనూ పడి చావు తప్పించుకున్నాడు. గుడియాత్తం పిల్లాడి అవస్థ ఇదే. శిష్యులు ప్రయత్నించి ఓడిపోయారు. ఆ తండ్రి యేసు ముందు తన విశ్వాసాన్నీ అవిశ్వాసాన్నీ ఒకే ఊపిరిలో ఒప్పేసుకుని, సాయం చెయ్యమని ఏడ్చాడు. ముందు విశ్వాసం సరిచేసుకుని రమ్మని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. పిల్లాణ్ణి బాగుచేశాడు. తర్వాత శిష్యులు, మా వల్ల ఎందుకు కాలేదని విడిగా అడిగితే, మత్తయి పదిహేడో అధ్యాయం ప్రకారం, విశ్వాసం కొరవడింది మీలోనేనని వాళ్లకే చెప్పాడు. ప్రయత్నించి ఓడినవాళ్ల మీద పడ్డ ఆ తప్పును మీరు ఆ తల్లి నెత్తికెత్తారు.

పౌలు త్రోఫిమును మిలేతులో రోగంతోనే వదిలి వెళ్లాడు. తిమోతి కడుపు నొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన ఒంట్లోని ముల్లు తియ్యమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. వీళ్లలో ఎవరికి విశ్వాసం చాల్లేదు, చెప్పండి!

గుడియాత్తం నుంచి గంటసేపు బస్సెక్కితే వేలూరు. మనవాళ్ల నోట రాయవేలూరు. చిత్తూరు వైపు నుంచి, సీమ నుంచి కాట్పాడిలో రైలు దిగి అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రికి వెళ్లని కుటుంబం మా వైపు అరుదు. ఆ ఆసుపత్రి ఎలా మొదలైందో మైకుల ముందు చెప్పేవాళ్లు తక్కువ. దాన్ని మొదలుపెట్టిన ఇడా స్కడర్‌కు మిషనరీ కావాలనే లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పురిటి నొప్పులతో ఉన్న తమ భార్యలను చూడమని ఆమెను అడిగారు. ఆమె తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టరుకు చూపించడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ ముగ్గురికీ విశ్వాసం లేకపోయిందని ఆమె అనుకోలేదు. డాక్టరు లేకపోయిందనుకుంది. చదువుకుని 1900లో తిరిగొచ్చి వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో ఆసుపత్రి, 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల. విశ్వాసం అంటే నాకు ఇదే. ఇటుక మీద ఇటుక పేర్చింది, ఇప్పటికీ రోగుల వరస తెగలేదు.

అక్కడే పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో జరిగిన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె ప్రార్థన చేసిన మనిషి, ఆమె కోసం ప్రార్థించినవాళ్లూ ఎందరో. లేచి నడవలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆమె చొరవతో 1966లో వేలూరులో పునరావాస కేంద్రం వెలిసింది. మీ కూటాల లెక్కలో ఆమె ఏ జాబితాలోకి వస్తుంది? నడవలేదు కాబట్టి అవిశ్వాసురాలా? ఆ మాట పైకి అనే ధైర్యం మీలో ఎవరికీ ఉండదు. కానీ బీడీలు చుట్టే ఆడమనిషిని మాత్రం అనేస్తారు, ఆమె ఎదురు మాట్లాడదు గనక.

మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మంత్రాలు, తాయెత్తుల వంటి మహిమలతో జబ్బులు నయమవుతాయన్న ప్రకటనలను 1954 నాటి చట్టం నేరమంది. ఆ చట్టం పేర్కొన్న జబ్బుల్లో మూర్ఛ ఉంది, పక్షవాతం ఉంది, క్యాన్సర్ కూడా ఉంది. తాయెత్తు అమ్మేవాణ్ణి మోసగాడంటూ వేదిక మీద తిట్టేవాళ్లు, తమ నూనె సీసా దాని కన్నా ఎందులో మేలో చెప్పాలి.

నేను ప్రార్థనకు శత్రువును కాను. సి.ఎం.సి. వార్డుల్లోనూ ప్రార్థన జరుగుతుంది, సెలైన్ సీసా దించకుండానే. కాబట్టి పాస్టరుగార్లను అడుగుతున్నాను. వచ్చే ఆదివారం ప్రసంగానికి ముందు, ప్రకటనలు చదివేటప్పుడే చెప్పండి: ఫిట్స్ మాత్రలు, షుగరు మాత్రలు, టీబీ మందులు డాక్టరు ఆపమనేదాకా ఎవ్వరూ ఆపకూడదని. మందులు మానమన్న బోధకుడికి మీ మందిరంలో మళ్లీ మైకు ఇవ్వబోమని సంఘం ముందు మాటివ్వండి. ఆ తర్వాత గుడియాత్తంలో ఆ తల్లి ఇంటికి నడిచి వెళ్లి, నీ తప్పేమీ లేదమ్మా అని చెప్పి, పిల్లాణ్ణి వేలూరు బస్సెక్కించండి. ఛార్జీలు సంఘం కానుకల్లోంచి ఇవ్వండి.