తదుపరి ఉత్తర్వుల వరకు

గత వారము మా అనంతపురములో ఒక కళాశాల వార్షికోత్సవమునకు ముఖ్య అతిథిగా విచ్చేసిన పెద్దమనిషి, ఎదుట కూర్చున్న పిల్లలనుద్దేశించి, సర్కారు కొలువుపై మీకింత వ్యామోహమేల, శాశ్వతోద్యోగము సోమరుల ఆశ్రయము, సమర్థునకు కాంట్రాక్టు పనిలోనే రాబడియు స్వేచ్ఛయు కలవని అరగంట సేపు ఉపదేశించిరి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. వెనుక వరుసలో కూర్చున్న నాకు ఆ మాటలు ములుకులవలె నాటినవి. ఏలయన, ఆ సభలో కుర్చీలు సర్దినవాడును, మైకు అమర్చినవాడును, మాకు మంచినీళ్లిచ్చిన ఆయమ్మయు, కాంట్రాక్టు గడువు తీరు మార్చి నెల సమీపించినంతనే గుండె చిక్కబట్టుకొనువారేయని నేనెరుగుదును.

ఈ సీమవారు స్థిరమైన కొలువును కోరుట సోమరితనము చేత కాదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వాన, అదియును అదనుకు రానిది. చేరెడు లోతు ఎర్రనేలలో వేరుశనగ విత్తి, ఊడ దిగు వేళకు మబ్బు మొగము చాటుచేయగా, చేను వాడిపోవుచుండ గట్టుమీద నిలిచి చూచిన తండ్రికి పుట్టిన బిడ్డ, నెల మొదటి తేదీన తప్పక వచ్చు జీతమును గూర్చి కలగనుటలో వింత యేమున్నది? “ఇంట్లో ఒక్కనికి కొలువుంటే సాలప్పా, వాన రాకపోయినా పొయ్యి మండుతాది” అని మా పల్లెలలో ముసలివారనుట నేను బాల్యమునుండి వినుచునే యున్నాను.

అతిథిగారు చెప్పినదానిలో సత్యము బొత్తిగా లేకపోలేదు. బెంగుళూరులోనో హైదరాబాదులోనో కంప్యూటరు విద్యలో ఆరితేరిన కుర్రవాడు కాంట్రాక్టుపై పనిచేసి, పక్క కుర్చీలోని శాశ్వతోద్యోగికంటె అధికముగా ఆర్జించుట కలదు. అది న్యాయమే. ఆడమ్ స్మిత్ పండితుడు 1776లో ప్రకటించిన తన అర్థశాస్త్ర గ్రంథమున, మంచు కురిసినను వాన కురిసినను పని నిలిచిపోవు తాపీవానికి, ఏడాది పొడుగునా పని దొరకువానికంటె హెచ్చు కూలి ముట్టుననియు, పని లేని దినముల గ్రాసమునకును దిగులునకును అది మూల్యమనియు వివరించెను. ఆస్ట్రేలియాలో సెలవులు లేని తాత్కాలికునకు నూటికి 25 వంతులు అదనముగా నిత్తురు. ఫ్రాన్సులో గడువు తీరి వెళ్లువానికి అతడార్జించిన మొత్తముమీద నూటికి 10 వంతులు చేర్చి పంపుదురు. అనగా, రేపేమగునోయను భయమునకు వెల కట్టి చెల్లించుచున్నారు. మన యొద్దనో, ఆ భయమును మోయువాని కూలిలోనే కోత విధించుచున్నారు.

2022 నాటి వేతన సవరణలో మన రాష్ట్రమున అట్టడుగు శాశ్వతోద్యోగికి మూలవేతనమే 20,000 రూపాయలు. దానిపై కరవుభత్యము, ఇంటి అద్దె, ఏటేటా ఇంక్రిమెంటు. అదే గదిని ఊడ్చి, అదే ఫైలును మోయు అవుట్‌సోర్సింగు వానికి 15,000. అందులో పి.ఎఫ్. పేర 1,800 పోగా, చేతికందునది పదమూడు వేల పైచిలుకు. ముసలితనమున అతనికి హామీగా నున్న కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు, 2014 నుండి అంతియే. 2004 సెప్టెంబరు నుండి చేరిన శాశ్వతోద్యోగులకును పాత పింఛను లేదను మాట నిజము. అది వేరొక అన్యాయము, ఒక అన్యాయము మరియొకదానికి సమాధానము కాజాలదు. 2023లో శాసనసభ చేసిన క్రమబద్ధీకరణ చట్టము 2014 జూన్ 2కు పూర్వము చేరిన కాంట్రాక్టు వారికి తలుపు తెరచినదే గాని, అవుట్‌సోర్సింగు వారిని గడప వెలుపలనే నిలిపినది.

ఇచ్చట నా మనస్సునకు మిక్కిలి దగ్గరైన చెరువుల ప్రస్తావన తేక తప్పదు. మన పొరుగున కడప సీమలో పోరుమామిళ్ల చెరువును గూర్చిన 1369 నాటి శాసనమున, వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు చెక్కబడియున్నది. చెరువు కట్టుట గడువు గల పని. కట్టుట ముగియగానే కూలి తన దారిన తాను పోవును. కాని కట్టిన చెరువును కాచుట గడువు లేని పని. అందుకే మన పూర్వులు నీరుగంటికి మాన్యమిచ్చిరి, కళ్లములో మేర కొలిచి యిచ్చిరి. తూము ఎప్పుడెత్తవలెనో, ఏ మడికి ఎన్ని గడియల నీరో, కట్టలో ఎలుకబొరియ యెచ్చట పడినదో అతడెరుగును. అతడు నిశ్చింతగా బ్రతికినందుననే అతని జ్ఞానము కొడుకునకు సంక్రమించినది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమును ఈ వివేకమునే పాటించి, నిరంతరము సాగు పనులలో కాంట్రాక్టును నిషేధించుటకు ప్రభుత్వములకు అధికారమొసగినది. ఆ అధికారమును వినియోగించిన సందర్భములు ఎన్ని? కేంద్ర జలసంఘపు కార్యాలయమున ఏండ్ల తరబడి ఊడ్చిన స్త్రీలును, తోటమాలియును సుప్రీముకోర్టు దాకా పోయి 2024 డిసెంబరులో తమ పనిని తిరిగి పొందవలసి వచ్చినది.

పట్టణమునకు పది క్రోసుల దూరమున ఒక మంచినీటి పథకపు పంపుహౌసు కలదు. అచ్చట పదునాలుగేండ్లుగా వాల్వులు త్రిప్పుచున్న ఆపరేటరు నాకు పరిచితుడు. మోటారు శబ్దము మారినచో నిద్రలోనైనను లేచును. కుడి అరచేతిలో చక్రపు అంచు ఒరసి కాయ కట్టినది. మూడు నెలల జీతము రాలేదని చెప్పుచు, ప్లాస్టిక్ సంచిలో మడచి దాచిన ఉత్తర్వును నాచే చదివించుకొనెను. చివరి పంక్తిలో “తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు” అని యున్నది.

“అంటే ఎన్నాళ్ల దాంక సార్?” అని అడిగెను. నేను ఆ కాగితమును మరల మడచి అతని చేతికిచ్చితిని.

జీతము చాలక అతడు మూడెకరములు కౌలుకు చేయుచున్నాడు. ఈ కౌలును గూర్చి వ్రాయకుండ ముగింపజాలను. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలు ఒప్పందమునకు గడువు పదునొకండు నెలలు. ఆ పత్రముపై భూయజమాని సంతకమున్నగాని సాగుదారు కార్డు రాదు, కార్డు లేనిదే పంట రుణమునకు దిక్కు లేదు. దున్నువాడొకడు, పట్టా వేరొకనిది. సంతకము చేసినచో భూమి చేజారునని యజమానికి భయము. యజమాని హక్కునకు భంగము లేదని చట్టము పలికినను ఆ భయము తీరలేదు, సంతకము తెచ్చు భారము మాత్రము బీదవాని నెత్తిన పడినది. మా ఆపరేటరుకు భూమినిచ్చిన యజమాని బెంగుళూరులో నుండును. ఆ సంతకమునకై ఇతడు మొన్నటి జ్యేష్ఠమున, రాత్రి పాళీ దిగి, మూడు మారులు బస్సెక్కి పోయి వచ్చెను. నాల్గవమారు సంతకముతో తిరిగి వచ్చునప్పటికి విత్తనపు పదును ఆరిపోయినది.